ఇంట్లో ఎస్ప్రెసో పుల్లగా, పల్చగా వస్తోంది, మెషీన్ మార్చాలా?

సీతమ్మధార_డికాషన్:

అందరికీ నమస్తే అండి. వైజాగ్‌లో ఇంట్లో ఎస్ప్రెసో (మెషీన్ ఒత్తిడితో తీసే చిక్కటి కాఫీ) చేసుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి, మూడు వారాల్నుంచి దీంతోనే కుస్తీ పడుతున్నాను. మెషీన్ ఆన్‌లైన్ సేల్‌లో కొన్నాను, చిన్నదే, పొడి వేసి తగిలించే హ్యాండిల్ 51 ఎంఎంది, డబ్బా మీద 15 బార్ (ఒత్తిడి కొలత) అని పెద్దక్షరాలతో రాసుంది. మా ఇంట్లో కాఫీ కొత్తేం కాదు, నాన్నగారు పోర్టులో చేసి రిటైరయ్యారు, ఆయనకి తెల్లారి అయిదింటికల్లా ఇత్తడి ఫిల్టర్‌లో దిగిన మొదటి డికాషన్ పడాల్సిందే, నాకూ అదే అలవాటు. కానీ ఆర్నెల్ల కిందట బీచ్ రోడ్డు మీద ఒక కేఫ్‌లో పాలు లేకుండా చిన్న కప్పులో ఇచ్చిన ఎస్ప్రెసో తాగాను, చిక్కగా, నాలుక మీద బెల్లం పాకం లాంటి తీపి, మింగాక కూడా పావుగంట నోట్లో ఉండిపోయింది, అప్పట్నుంచి అలాంటిది ఇంట్లో రావాలని ఒకటే పట్టుదల.

వస్తున్నది మాత్రం ఇదీ. ముందు ఇంట్లో ఉన్న ఫిల్టర్ పొడే వేశాను, చికోరీ కలిసినది. మెషీన్ మూలిగింది తప్ప చుక్క కూడా సరిగ్గా రాలేదు, వచ్చిన కాస్తా కషాయంలా చేదు. సరే అని చికోరీ లేని అరకు అరబికా పొడి ప్యాకెట్ తెచ్చాను. మెషీన్‌తో వచ్చిన డబుల్ వాల్ బాస్కెట్‌లో (హ్యాండిల్‌లో పెట్టే, రెండు అడుగులున్న జల్లెడ గిన్నె) వేస్తే పైన నురగ బ్రహ్మాండంగా వస్తుంది గానీ నురగ కింద ఏమీ లేదు, కాఫీ వాసన తగిలిన వేణ్ణీళ్ళు. వీడియోల్లో చూసి సింగిల్ వాల్ బాస్కెట్ తెప్పించాను, దాంట్లో అయితే ఎనిమిది సెకన్లలో కుళాయి తిప్పినట్టు దిగిపోతోంది, నోట్లో పెడితే చింతకాయ పులుపు, చివర్లో వగరు. టాంపర్‌తో (పొడిని అదిమే బిళ్ళ) ఎంత గట్టిగా నొక్కినా మణికట్టు నొప్పే తప్ప తేడా లేదు. నీళ్ళు ఆర్‌వోవి. షాపులో అడిగితే నలభై వేల మెషీన్ అయితేనే వస్తుందన్నారు. నిజంగా లోపం మెషీన్‌దేనా? గ్రైండర్ గ్రైండర్ అని అందరూ అంటున్నారు, అది అంత ముఖ్యమా?

గాజువాక_గ్రైండర్:

అక్కా మెషీన్ మార్చకండి. మీ మెషీన్ బానే పనిచేస్తంది, మీరు రాసిందాంట్లోనే జవాబుంది. ఒకే మెషీను, ఒక పొడికి ఊపిరాడక ఆగిపోయింది, ఇంకో పొడికి ఎనిమిది సెకన్లలో దిగిపోయింది, అంటే తేడా ఎక్కడుంది, పొడిలో ఉంది.

ప్యాకెట్ పొడి మన స్టీలు ఫిల్టర్‌కో ఇత్తడి ఫిల్టర్‌కో సరిపోయేలా ఆడతారు. అందులో నీళ్ళు పైన పోసి వదిలేస్తే పావుగంటో అరగంటో నెమ్మదిగా దిగుతాయి, టైం ఉంది కాబట్టి కాస్త గరుకుగా ఉన్నా రుచి దిగుతాది. ఎస్ప్రెసోలో అరనిమిషమే టైము, నీళ్ళేమో 9 బార్ల దాకా ఒత్తిడితో తోసుకొస్తాయి, అంత ఒత్తిడికి ఎదురు నిలబడాలంటే పొడి ఇంకా సన్నంగా ఉండాలి. గోధుమపిండికి సన్న ఉప్మారవ్వకి మధ్యలో ఎక్కడో, వేళ్ళ మధ్య రుద్దితే పిండిలా జారిపోకుండా కొంచెం గరుకు తగలాలి. డబ్బా మీద 15 బార్ అన్నది పంపు ఎంత వరకు తొయ్యగలదో ఆ లెక్క, మనకి పొడి మీద కావాల్సింది 9 దరిదాపుల్లో. పొడి ఎదురు నిలబడకపోతే ఎంత పంపు పెట్టినా ఒత్తిడే పుట్టదు.

చికోరీ సంగతి వేరు. చికోరీ వేరుని వేయించి ఆడింది నీళ్ళు తగలగానే చాలామట్టుకు కరిగిపోయి బంకలా అవుతాది, డికాషన్‌కి ఆ చిక్కదనం బావుంటాది గానీ చిన్న బాస్కెట్ కన్నాల్లో అది ఇరుక్కుంటే కడగలేక చస్తాం. మెషీన్‌లో చికోరీ మాత్రం మళ్ళీ వెయ్యకండి. ఆ డబుల్ వాల్ బాస్కెట్‌కి కింద ఒకే ఒక్క సూది బెజ్జం ఉంటాది చూడండి, నీళ్ళు దాంట్లోంచి చిమ్ముకుని రావాలి కాబట్టి ఎలాంటి పొడికైనా నురగ వచ్చేస్తాది. మీరు చెప్పిన "నురగ కింద ఏమీ లేదు" అన్నది అదే.

ఇప్పుడు ఖర్చు పెట్టాల్సింది రెండిటి మీదే. ఒకటి చేతి గ్రైండర్, కానీ ఎస్ప్రెసోకి సరిపోయేది, సన్నం గరుకు మార్చే మరని తిప్పితే ఒక్కో క్లిక్‌కి 16 మైక్రాన్లో అంతకన్నా తక్కువో కదిలేది చూసుకోండి. చవకవాటిల్లో క్లిక్‌కీ క్లిక్‌కీ దూరం ఎక్కువ, ఒక క్లిక్‌లో పదిహేను సెకన్లలో దిగిపోద్ది, పక్క క్లిక్‌లో అసలు దిగదు, మనకి కావాల్సింది ఆ రెండిటి మధ్యనే ఉండిపోద్ది. మిక్సీలో ఆడేద్దాం అనుకోకండి, నేను రెండు నెలలు అదే చేశాను, సగం దుమ్ము సగం రాళ్ళు, ఒకే కప్పులో పులుపూ చేదూ రెండూ వచ్చేవి. రెండోది చిన్న త్రాసు, కురుపాం మార్కెట్‌లో బంగారప్పనివాళ్ళు వాడే లాంటి బుల్లిది, 0.1 గ్రాము చూపించేది ఏదైనా చాలు.

గింజలు 16 గ్రాములు తూచి ఆడండి. కప్పుని త్రాసు మీద పెట్టి 32 గ్రాములు పడగానే ఆపేయండి, మెషీన్ బటన్ తనంతట తాను ఆగే దాకా చూడకండి. బటన్ నొక్కిన దగ్గర్నుంచి 25 నుంచి 30 సెకన్లు పట్టాలి. బేగి దిగిపోయి పుల్లగా ఉంటే ఇంకాస్త సన్నం, మరీ లేటై చేదుగా ఉంటే కాస్త గరుకు. 16 ని ముట్టుకోకండి, 32 ని ముట్టుకోకండి, గ్రైండ్ ఒక్కటే కదపండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో తెలీదు, ఇదొక్కటి పట్టుకుంటే చాలక్కా, మిగతాదంతా దారిలో వచ్చేస్తాది.

పాడేరు_ఘాట్‌రోడ్:

పై ఆయన గ్రైండర్ గురించి చెప్పింది అక్షరాలా కరెక్ట్, నేను గింజల గురించి చెప్తాను ఎందుకంటే మా అమ్మమ్మగారి ఊరు చింతపల్లి వైపు, చిన్నప్పుడు సంక్రాంతి సెలవులకి వెళ్తే తోటల్లో పండు కోత నడుస్తూ ఉండేది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకే మిరియం తీగలు, పొద్దున్న మంచులో బుట్ట నడుముకి కట్టుకుని ఎర్రగా పండినవి మాత్రమే ఒక్కొక్కటీ తుంచేవాళ్ళు. పచ్చికాయ కలిస్తే ఆ గడ్డి వాసన ఎంత వేయించినా కప్పు దాకా వస్తుంది. 2019 లో అరకు వ్యాలీ అరబికాకి జీఐ (ఆ ప్రాంతపు సరుకని ప్రభుత్వమిచ్చే గుర్తింపు) వచ్చింది, పారిస్‌లో 2017 లోనే అరకు పేరుతో కొట్టు తెరిచారు, మనం మాత్రం మూడు గంటల ప్రయాణం దూరంలో ఉండి పొడి ప్యాకెట్టే కొంటున్నాం, ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పొడి కాకుండా గింజలే కొనండి. ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ కాదు, వేయించిన తేదీ ఉందో లేదో చూడండి, లేకపోతే తీసుకోవద్దు. వేయించిన గింజలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, మొదటి వారం అది ఎక్కువగా ఉండి నీళ్ళని సరిగ్గా లోపలికి వెళ్ళనివ్వదు, షాట్ (మెషీన్ ఒకసారి తీసే కాఫీ) ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. వారం పది రోజులు ఆగి మొదలుపెట్టండి, అక్కణ్ణుంచి నెల లోపు అవగొట్టండి. ఆడిన పొడికి ఆ భాగ్యం లేదు, ప్యాకెట్ విప్పిన గంటల్లోనే వాసన ఎగిరిపోతుంది. అందుకే కిలో కాదు, 250 గ్రాములు చొప్పున తీసుకోండి.

ఇంకోటి, రోస్ట్, అంటే గింజ ఎంత వేయించారన్నది. లైట్ రోస్ట్ మీద పూలు, పండ్లు అని రాసుంటుంది, ఆశపడి కొంటాం, గింజ గట్టిగా ఉంటుంది, దాన్నుంచి తీపి లాగాలంటే మంచి గ్రైండరు, నిలకడైన వేడి కావాలి, చిన్న మెషీన్లో నిమ్మకాయ పిండినట్టే వస్తుంది. మీకు కావాల్సింది బెల్లం పాకం రుచి అన్నారు కదా, మీడియంకి కాస్త పైన, మీడియం డార్క్ అడగండి. మరీ నల్లగా నూనె కారుతున్న గింజ వద్దు, అందులో బొగ్గు రుచి తప్ప అరకు కనపడదు. నురగ చిక్కగా కావాలంటే నూటికి పది ఇరవై వంతులు మంచి రోబస్టా (అరబికా కాని ఇంకో రకం కాఫీ గింజ) కలిపిన బ్లెండ్ తీసుకోవచ్చు, తప్పేం లేదు, నా మటుకు నాకు ఒట్టి అరబికానే ఇష్టం.

మధురవాడ_సెవెంత్‌ఫ్లోర్:

నీళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నా. కప్పులో నూటికి తొంభై వంతులు నీళ్ళేనండి. మా అపార్ట్‌మెంట్‌లో బోరు, గీజర్ కాయిల్ విప్పితే సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చులు, ఆ నీళ్ళే మొదటి మెషీన్‌లో పోశాను, ఏడాది తిరక్కుండా లోపల సన్న గొట్టాలు మూసుకుపోయాయి, బాగుచేయించినా మునుపటిలా పనిచెయ్యలేదు. తప్పు నాదే, మెషీన్‌ది కాదు. తర్వాత భయపడి ఒట్టి ఆర్‌వో పోశాను, మీటర్ పెడితే టీడీఎస్ (నీళ్ళలో కరిగున్న లవణాల లెక్క) ఇరవై చిల్లర, కాఫీ చప్పగా, పైపెచ్చు పులుపు ఎత్తి కనిపించేది. ఎందుకంటే కాఫీలో పులుపుని కాస్త అణిచేది నీళ్ళలో ఉండే బైకార్బనేట్, ఆర్‌వోలో అది కూడా పోతుంది. స్పెషాల్టీ కాఫీవాళ్ళు టీడీఎస్ 150 దగ్గర ఉంటే మంచిదంటారు, 75 నుంచి 250 వరకు పర్లేదు.

నేను చేసేది చెప్తాను, తేలిక. తినే రకం పొటాషియం బైకార్బనేట్ 10 గ్రాములు లీటరు ఆర్‌వో నీళ్ళలో కలిపి సీసాలో పెట్టుకుంటాను, అందులోంచి 10 మిల్లీలీటర్లు ఇంకో లీటరు ఆర్‌వోలో కలిపి మెషీన్లో పోస్తాను. అంటే లీటరుకి 100 మిల్లీగ్రాములు పడుతుంది. దీంతో సున్నం పేరుకోదు, రుచి గుండ్రంగా వస్తుంది. ఇంట్లో కిడ్నీ ఇబ్బంది ఉండి పొటాషియం తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్ళుంటే ఆయన్ని ఒక మాట అడిగి వాడండి. ఇదంతా ఎందుకనుకుంటే మీ ఆర్‌వోకి టీడీఎస్ పెంచే మర ఉందేమో మెకానిక్‌ని అడిగి 80, 100 కి పెట్టించుకోండి, అదీ చాలు.

ఇక మన ఊరి గాలి. గింజల డబ్బా మూత లూజుగా ఉంటే వానాకాలంలో రెండ్రోజుల్లో మెత్తబడిపోతాయి, గట్టి మూతున్న డబ్బాలో పెట్టండి, ఫ్రిజ్‌లో మాత్రం వద్దు, తీసినప్పుడల్లా చెమ్మ పట్టేస్తుంది, పోపు వాసన కూడా. ఎక్కువ కొనేస్తే చిన్న చిన్న కవర్లలో గాలి తీసి ఫ్రీజర్లో పెట్టి, తీసిన కవర్ పూర్తిగా మామూలు వేడికి వచ్చాకే విప్పండి. గ్రైండర్‌ని మాత్రం ఎప్పుడూ నీళ్ళతో కడగొద్దు, బ్రష్‌తోనే, ఉప్పు గాలికి పళ్ళు తుప్పు పడతాయి, ముఖ్యంగా మీది బీచ్ వైపు బాల్కనీ అయితే. ఇంకా ముఖ్యమైంది, ఈ మెషీన్లు 1300 వాట్ల పైన లాగుతాయి, అంటే ఆరు ఆంపియర్లు దగ్గర దగ్గర. మామూలు చిన్న ప్లగ్గులో పెట్టకండి, గీజర్‌కి పెట్టే 16 ఆంపియర్ల సాకెట్లో పెట్టండి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద అస్సలు వద్దు.

పెదవాల్తేరు_మోకా:

అమ్మా నేను కాస్త వేరే మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. చివరికి పాలు పోసుకుని తాగేదే అయితే ఇన్ని తంటాలు అక్కర్లేదు. నా దగ్గర మోకా పాట్ (స్టౌ మీద పెట్టి ఆవిరి ఒత్తిడితో కాఫీ తీసే పాత్ర) ఉంది, 1933 లో ఇటలీలో బియాలెట్టీ చేసిన డిజైనే ఇప్పటికీ, స్టౌ మీద అయిదు నిమిషాలు, చిక్కటి కాఫీ, గ్యాస్కెట్ తప్ప మార్చాల్సింది లేదు. వచ్చే ఒత్తిడి ఒకటి రెండు బార్లే, కాబట్టి అది ఎస్ప్రెసో అని నేను అనను, కానీ విశాఖ డైరీ ఫుల్ క్రీమ్ పాలు కాచి పోస్తే మా ఇంట్లో ఎవరికీ తేడా తెలీదు. నీ మెషీన్లో పాలు నురగ పెట్టాలన్నా ఆ ఫుల్ క్రీమే వాడు, వెన్న 6 శాతం ఉంటుంది, చిక్కగా వస్తుంది, టోన్డ్ పాలలో 3 శాతమే. పాలు ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లనివే వాడు, గిన్నె అడుగు చేత్తో పట్టుకోలేనంత వేడవగానే ఆపెయ్, 60, 65 డిగ్రీలు దాటితే పాలలో తీపి పోతుంది.

సీతమ్మధార_డికాషన్:

అందరికీ చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. పెదవాల్తేరు అంకుల్, కోపం ఏమీ లేదండి, పాల కాఫీకి నాన్నగారి డికాషన్ ఉంది, దాన్ని మించింది నాకూ వద్దు. నాకు కావాల్సింది ఆ పాలు లేని చిన్న కప్పే. గ్రైండరు, త్రాసు ఆర్డర్ పెట్టాను, గింజలు అరకు నుంచే, వేయించిన తేదీ ఉన్నవి తెప్పిస్తున్నాను. చేసి చెప్తాను.

సీతమ్మధార_డికాషన్:

రెండు వారాలైంది, ఏం జరిగిందో రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది. గింజలు వేయించిన తొమ్మిదో రోజు మొదలుపెట్టాను. 16 గ్రాములు వేసి 32 తీశాను, మొదటిది 14 సెకన్లు, పులుపే, కానీ అంతకుముందు పులుపు కాదు, వెనకాల ఏదో ఉన్నట్టుంది. నాలుగు క్లిక్‌లు సన్నం చేశాను, 45 సెకన్లు పట్టింది, చేదు, నాలుక ఎండిపోయింది. రెండు క్లిక్‌లు వెనక్కి వచ్చాను, 27 సెకన్లు. ముందు నాలుగైదు సెకన్లు ఏమీ రాలేదు, తర్వాత ముదురు గోధుమరంగులో చుక్కలు, అవి కలిసి సన్నటి తేనె తీగలా దిగింది. తాగి అక్కడే వంటింట్లో గట్టు మీద కూర్చుండిపోయానండి, కేఫ్‌లో తాగిన రుచి కాదు, కానీ దాని చెల్లెలే.

ఇప్పుడు సమస్య ఏంటంటే అది రోజూ రావట్లేదు. అదే క్లిక్, అదే 16 గ్రాములు, ఒకరోజు 27, మర్నాడు 18, ఒక పక్కకి చిమ్ముతోంది, పులుపూ వగరూ రెండూ ఉంటున్నాయి. పిప్పి తట్టి చూస్తే ఒక అంచున చిన్న గుంట పడి ఉంది. ఇంకోటి, పొద్దున్న మొదటి కప్పు ఎప్పుడూ రెండో దానికన్నా పుల్లగా ఉంటోంది.

గాజువాక_గ్రైండర్:

సూపర్ అక్కా, మీరు సగం దాటేశారు. ఆ గుంటే మీ దొంగ. నీళ్ళు పొలంలో గట్టు తెగినట్టే, ఎక్కడ మెత్తగా ఉంటే అక్కణ్ణుంచే పోతాయి. పొడి ఒక పక్క గుట్టగా పడి ఇంకో పక్క పల్చగా ఉంటే ఆ పల్చటి చోట్నుంచి దూసుకుపోతాయి, అక్కడ పొడి మాడినట్టు పిండేస్తాయి కాబట్టి వగరు, మిగతా చోట సరిగ్గా తడవదు కాబట్టి పులుపు. దీనికి ఖర్చేమీ లేదు. సీసా బెండు ఒకటి తీసుకుని దాంట్లో అరమిల్లీమీటరు కూడా లేని సన్న సూదులు నాలుగో అయిదో గుచ్చండి, పొడి బాస్కెట్లో పోశాక అడుగు దాకా దించి గుండ్రంగా తిప్పుతూ ఉండలు విడగొట్టండి, చివర్లో పైకి వస్తూ చదును చెయ్యండి. ఆ తర్వాత టాంపర్, బలం కాదు కావాల్సింది, మట్టం. మోచెయ్యి టాంపర్‌కి నిలువుగా పెట్టి పొడి ఇంక కిందకి దిగనంటే అక్కడితో ఆపేయండి, మణికట్టు నొప్పి కూడా పోద్ది.

మొదటి కప్పు పులుపు వేడి తక్కువై. లైటు వెలగ్గానే రెడీ అనుకోకండి, ఆ హ్యాండిల్ ఇనుములా చల్లగానే ఉంటాది, నీళ్ళ వేడంతా అది తాగేస్తాది. పది పదిహేను నిమిషాలు హ్యాండిల్ తగిలించే ఉంచి, పొడి లేకుండా ఒక కప్పు నీళ్ళు పోనివ్వండి, ఆ వేణ్ణీళ్ళతోనే కప్పూ వేడెక్కుద్ది, అవి పారబోసి హ్యాండిల్ తుడిచి, తడి లేకుండా చూసుకుని, అప్పుడు పొడి. పొడి మీద నీళ్ళు 90 నుంచి 96 డిగ్రీల మధ్య పడాలి, చిన్న మెషీన్లో అది కుదరాలంటే ఇదొక్కటే దారి.

సీతమ్మధార_డికాషన్:

బెండు, సూదులు, వేణ్ణీళ్ళు అన్నీ చేశానండి. వరసగా నాలుగు రోజులు 26, 28, 27, 27. పిప్పి బిళ్ళలా చక్కగా ఊడి వస్తోంది, గుంట లేదు. మధురవాడ వారి నీళ్ళు కూడా నిన్న కలిపాను, తేడా ఇంత ఉంటుందనుకోలేదు, చివర్లో గీరుకుపోయే పులుపు తగ్గి ఆ బెల్లం రుచి ముందుకొచ్చింది. ఇవాళ నాన్నగారికి ఒక చెంచాడు ఇచ్చాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత, ఇది అరకు గింజేనా, మనం ఇన్నేళ్ళూ దీన్ని పాలలో ముంచేశామే అన్నారు. డికాషన్ మాత్రం మానలేదు, ఆ ఫిల్టర్ పొడి కూడా ఇకమీదట గింజలు ఆడే చేద్దాం అంటున్నారు, ఫిల్టర్‌కి ఎన్ని క్లిక్‌లు గరుకు చెయ్యాలో చూడాలి.

పాడేరు_ఘాట్‌రోడ్:

ఆ మాట చదివి మనసు నిండిందండి, కొండ మీద మావాళ్ళకి చెప్తాను. ఫిల్టర్‌కి ముందు ఓ పదిహేను క్లిక్‌లు గరుకు చేసి చూడండి, డికాషన్ మరీ తొందరగా దిగిపోతే అక్కణ్ణుంచి సన్నం చేసుకుంటూ రండి. ఎస్ప్రెసో క్లిక్ నంబర్ కాయితం మీద రాసి డబ్బాకి అంటించండి, లేకపోతే వెనక్కి రావడం కష్టం. ఇంకో వారం పోయాక అదే క్లిక్ మీద షాట్ 27 నుంచి 22 కి జారుతుంది, కంగారు పడొద్దు, గింజ పాతబడుతోందంతే, ఒక్క క్లిక్ సన్నం చెయ్యండి.